చూసినవారి సంతకం

మొదటిసారి కొలిస్తే నలభై రెండు.
మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక
ఆ అంకె మీద కాగితం బోర్లించి
మళ్ళీ గీతలు గీస్తే ముప్పై తొమ్మిది.
అదే పిల్ల. అదే వెన్ను. అదే సీటీ బొమ్మ.
కొలిచిన చెయ్యి కూడా నాదే.

భీమవరం జువ్వలపాలెం రోడ్డులో
రొయ్యల మేత గోడౌను పైన మా స్కానింగు సెంటరు.
ఏసీ గదిలోకీ వస్తుంది మేత వాసన.
పదకొండేళ్ళ సువార్త చెప్పులు విప్పి
బల్ల మీద వెల్లకిలా పడుకుంది.
"కదలకూడదా? మరి ముక్కు దురదేస్తే?"
"మనసులో గోక్కో" అన్నాను.
నవ్వింది. ఆ నవ్వుకి
మూడు స్లైసులు మసకబారాయి.
మళ్ళీ తియ్యలేదు. అంత చిన్న ఒంట్లోకి
కిరణాలు ఊరికే పొయ్యకూడదు.
అంచులు మసకలోనే వెతుక్కోవాలి.

పూస అంచు గీతలా ఉండదు.
పిల్లల్లో మరీను, కొసలు ఇంకా ఎముక కాలేదు.
జున్ను తోడుకునే వేళ గిన్నెలోకి చూస్తే
పాలు ఎక్కడ ఆగాయో ఎవరు చెప్పగలరు?
వంపుకి పై కొస ఐదో పూసా, ఆరోదా?
పక్కకి వాలడమే కాదు, మెలి కూడా తిరిగింది
పిండిన తడిగుడ్డలాగ.
ఒక్క పూస అటు జరిపి గీస్తే
కోణం చేతిలోంచి జారిపోతుంది.

కాకినాడ సర్జను ఫోనులో చూసి నలభై నాలుగన్నాడు.
మా కమలాకర్ డాక్టరుగారు, సరిగ్గా నలభై.
అది దాటితే కత్తి. దాటకపోతే
ఇరవై గంటలు బిగించే ప్లాస్టిక్ తొడుగు.

పైగా, నిలబడ్డప్పుడున్నంత వంపు
పడుకుంటే ఉండదు. తల బరువు దిగగానే
వెన్ను కాస్త సర్దుకుంటుంది,
కావడి దించిన భుజంలా.
ఆ మాట అన్నానో లేదో
"అయితే బడికి పడుకునే వెళ్తా" అంది పిల్ల.

వాళ్ళ నాన్న ఏసుపాదం నవ్వలేదు.
వయ్యేరు కాలవ లాకుల దగ్గర లస్కరు.
ఖాకీ జేబులోంచి మడత కాగితం తీసి
నాలుగంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు.
ఏది నిజమండీ అంటాడని
జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

అడగలేదు.
"మా గేజీ కూడా ఇంతేనండి.
గాలొస్తే నీళ్ళు రాయి మీద ఎగిరి దిగుతుంటాయి.
ఎగిరినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఇంకోటి.
ఊపిరి బిగబట్టి నడిమి చూసి రాస్తాం.
మా మోషేగాడు ఎప్పుడు చూసినా
రెండేళ్ళు ఎక్కువే. వాడి చూపే అంత.
అందుకే పుస్తకంలో అంకె పక్కన టైము ఉంటది,
చూసినోడి సంతకం ఉంటది.
ఏఈగారు అంకె కంటే ముందు సంతకం చూస్తారండి."

కాగితం మడిచాడు.
"రెండేళ్ళ తేడాకి తలుపులెత్తం.
వరసగా మూడు పూటలు పెరిగితే అప్పుడెత్తుతాం."

"ఎప్పుడూ సరిపోయిందా?" అన్నాను.

"లేదండి" అన్నాడు, కిటికీలోకి చూస్తూ.
"ఒక ఏడు మూడో పూట దాకా ఆగాం.
తెల్లారేసరికి గట్టు లేదు."

రిపోర్టులో కోణానికి ఒకటే గడి.
రెండంకెలు కొడితే కంప్యూటరు ఎర్రగా అరిచింది.
ప్రింటు తీసి, గడి పక్కన పెన్నుతో రాశాను:
ముప్పై తొమ్మిది నుంచి నలభై రెండు.
పడుకోబెట్టి. ఐదో పూస నుంచి పన్నెండు దాకా.
రెండుసార్లు, ఒకే మనిషి.
మధ్యాహ్నం మూడూ పది.
ఏడేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి
పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు రాశాను.
"నాలుగు నెలలకి తీసుకురండి.
ఇవే పూసల మీద నేనే కొలుస్తాను."
"ఆయ్" అన్నాడు. నమ్మాడో, ఓర్చుకున్నాడో.

కింద రోడ్డు మీద, ఐసు లారీ నీడలో సువార్త.
ఎడమ భుజం మీంచి సంచి జారింది.
ఎగదోసుకుంది.
మళ్ళీ జారింది.
ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.